ఎనభై సెంటీమీటర్ల కట్టలు

ఆగస్టు 19

గడ్డిని కట్టలు కట్టే బేలర్‌కు గ్రీజు పెట్టాను. నాలుగో కోతకు ఇంకా రెండు వారాలుంది. మా ఆయన లాంబెర్తో పోయాక నేను దీన్ని నడపడం ఇది రెండో వేసవి. ఆయన ఉన్నప్పుడు ఈ యంత్రం మీద ఆయన తప్ప ఎవరూ చెయ్యి వేయకూడదు. ఇప్పుడు నేను తప్ప వేసేవాళ్ళు లేరు.

బెనిల్దే ఫోన్ చేసింది. కొండల్లో నాతోపాటు బడికి వెళ్ళిన బెనిల్దే. ఇద్దరు ముగ్గురు మనుషులు మిగిలిన ఊళ్ళన్నీ రొట్టెల వ్యాను వేసుకుని తిరుగుతుంది. మా పుట్టింటి ఊరు కూడా అందులో ఉంది.

"మీ అన్న సంగతి విన్నావా?"

"లేదు."

"బీళ్ళు మాడిపోయాయే. ఒక్క కోతకైనా గడ్డి లేవలేదు. వచ్చే నెలాఖరుకు, సాన్ మిగెల్ పండక్కి, ఆవులు కొండమీది మేతనుంచి దిగుతాయి కదా, అప్పటికి అటక మీద గడ్డి లేకపోతే పదకొండింటినీ బేరగాడికి తోలేస్తానన్నాడు. కసాయికే అవి."

"నీతో అన్నాడా?"

"నా చేతిలో రొట్టెతో అన్నట్టు అన్నాడు. రొట్టె తీసుకుని లోపలికి పోయాడు."

"నాకెందుకు చెబుతున్నావు?"

"ఊరికేనే తల్లీ. వేసవి బాగుందా అని అడగడానికి చేశాననుకో."

సాబాస్‌కు అరవై ఆరు. ఆ ఆవులు అమ్మ పెంచిన ఆవు సంతతి. అవి లేకపోతే ఆ మనిషి పొద్దున లేచి ఏం చేస్తాడో నాకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ లేదు.

ఆగస్టు 20

ఫోన్ చేయలేదు. కొండల్లో సిగ్నల్ సరిగా ఉండదు. బెనిల్దే అక్కడినుంచే చేసింది, అయినా.

ఆగస్టు 22

కూరలో ఉప్పు మరిచిపోయి తినేశాను. తిన్న తర్వాత తెలిసింది.

గడ్డికి నాకు కొరత లేదు. ఎబ్రో నది నీళ్ళు ఉన్నంతవరకు ఇక్కడ లూసర్న్ గడ్డి కోసినకొద్దీ లేస్తుంది. చిక్కంతా కట్టలతో. మా బేలర్ కట్ట రెండు మీటర్ల నలభై పొడవు, నాలుగు వందల కిలోలు. మా పుట్టింటి ఊళ్ళో లారీ చర్చి దాకానే పోతుంది. అక్కడినుంచి సందు. సందు చివర కొట్టం, కొట్టం వెనక గట్టు మీదనుంచి అటక కిటికీ. గడ్డి లోపలికి పోయేది ఆ కిటికీలోంచే. లోపల ఒక్క మనిషి, చేతిలో ఒక కొక్కెం.

చిన్న కట్టలు చేసే పాత యంత్రాలు మా చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేవు, అన్నీ తుక్కు కింద పోయాయి. కాబట్టి పెద్దదానితోనే చిన్నవి చేయాలి. వెడల్పు నూట ఇరవై సెంటీమీటర్లు, ఎత్తు తొంభై, ఈ రెండూ మార్చలేం. మార్చగలిగేది పొడవొక్కటే. కట్టను పక్కకు తిప్పితే పొడవే కిటికీ వెడల్పులో పట్టాలి. కిటికీ ఎత్తు మీటరు పైనే, దానికి ఇబ్బంది లేదు. వెడల్పు ఎంతో గుర్తు లేదు. చిన్నప్పుడు నేనూ వాడూ అందులో పక్కపక్కన కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాళ్ళం. అది కొలత కాదు.

అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అడగను.

అమ్మకు జబ్బు చేసినప్పుడు పన్నెండు రోజులు మంచంలో ఉంది. పన్నెండు రోజుల్లో వాడు నాకు ఒక్కసారి ఫోన్ చేయలేదు. తగ్గుతుందనుకున్నాడట. పోయిన మర్నాడు చేశాడు. శ్మశానం గేటు దగ్గర, "ఇక నీ ఫోన్‌తో నాకు పని లేదు" అన్నాను. తొమ్మిదేళ్ళయింది. మాట మీద నిలబడ్డాను.

ఆగస్టు 25

కిటికీ కొలిచి చెప్పమని బెనిల్దేను అడిగాను. వాడికి తెలియకూడదన్నాను. ముందే తెలిస్తే వద్దంటాడు. గడ్డి వాకిట్లోకి వచ్చాక వద్దనడం కష్టం.

"టేపు తీస్తే కనిపెడతాడే! పన్ను వేయడానికి వచ్చారనుకుని కుక్కను వదులుతాడు."

"అయితే ఎలా?"

"నా దగ్గర బండెడు రొట్టెలున్నాయి. పొడుగు రొట్టె అడ్డం పెట్టి చూస్తాను. చాలకపోతే ఇంకో ముక్క కోసి పెడతాను. వాటినే నీకు బస్సులో పంపుతాను. అంకెలు నేను దారిలో మరిచిపోతాను గాని రొట్టె మరిచిపోదు."

అప్పుడే వద్దనవలసింది. నవ్వొచ్చి ఊరుకున్నాను. ఈ వేసవిలో నవ్వడం అదే మొదలు.

ఆగస్టు 29

రొట్టె వచ్చింది. పొలానికి నీటి వంతు ఉండి నేను కదలలేకపోయాను. లాంబెర్తో పినతండ్రి కొడుకు బ్రౌలియో అడ్డరోడ్డు దాకా వెళ్ళి బస్సు దగ్గర సంచీ తీసుకుని వచ్చాడు.

"వదినా, కొండలనుంచి రొట్టె తెప్పించుకుంటున్నావేంటి? ఇక్కడ బట్టీలు ఆరిపోయాయా?"

"అక్కడి పిండి వేరు."

రొట్టెనూ ముక్కనూ బల్ల మీద పెట్టి కొలిచాను. డెబ్భై ఒకటి. జారడానికి నాలుగు తీసేస్తే అరవై ఏడు.

నేను అనుకున్నదానికంటే ఇరుకు. చిన్నప్పుడు అన్నీ పెద్దగానే కనిపిస్తాయి.

ఆగస్టు 31

కట్ట పొడవు చూసేది పైన ఉన్న పళ్ళ చక్రం. గడ్డి జరిగేకొద్దీ అది తిరుగుతుంది. చాలినంత తిరిగాక పక్కనున్న మీట పడుతుంది. మీట పడగానే కింద సూదులు పురి తీసుకుని పైకి లేస్తాయి, ముడులు పడతాయి. మీట ఎక్కడ పడాలన్నదే కొలత. లాంబెర్తో రేకు మీద పెన్సిలుతో గీతలు గీసి పెట్టాడు. రెండు నలభై, రెండు, ఒకటిన్నర, ఒకటి. ఒకటి కింద పెద్ద అక్షరాలతో "దీని కిందికి పోవద్దు" అని రాశాడు.

అడ్డు బోల్టు ఊడదీసి, నాలుగు వేళ్ళ కింద కొత్త రంధ్రం తొలిచాను. ఆయన ఉంటే నన్ను షెడ్డులోంచి తరిమేవాడు.

బ్రౌలియో వాకిట్లో నిలబడి చూశాడు.

"ఏనుగుతో పిల్లి పని చేయిస్తున్నావు. ఎవరికోసం ఇదంతా?"

"గుర్రాలవాళ్ళు అడిగారు. చిన్న కట్టలు కావాలట."

"ఏ గుర్రాలు?"

"సరగోసాలో."

"గుర్రాలకు పేరూ ఊరూ ఉంటాయి వదినా," అని వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు 4

తెల్లారకముందే మంచు పడింది. మంచు తడి ఉన్నప్పుడు కడితేనే ఆకు రాలదు. వెళ్ళాను.

మొదటి కట్ట పడింది, విడిపోయింది. రెండోది పడింది, దొర్లింది, విడిపోయింది. అరవై ఏడు సెంటీమీటర్లంటే రెండున్నర పొరలు. లోపల దంచేది ఒక్కో దెబ్బకు ఒక పొర వేస్తుంది, మూడు దెబ్బలు వేయగానే మీట పడుతుంది. సూదులు కిందికి దిగీ దిగకముందే మళ్ళీ పైకి రావాలి. పురి ఊపిరాడక తెగుతుంది. దిగి ముడి వేశాను, ఎక్కాను, దిగాను. పదహారుసార్లు దిగాను.

తొంభై కట్టల్లో ముప్పై ఒకటి నిలిచాయి.

సెప్టెంబరు 5

ఒత్తిడి పెంచాను. పురి ఇంకా ఎక్కువ తెగింది. తగ్గించాను. కట్టలు దిండ్లయ్యాయి. ఒక్కటీ నిలవలేదు. పది గంటలకు ఎండు గాలి లేచి ఆకంతా దుమ్ము చేసింది. ఆపేశాను.

సెప్టెంబరు 6

మధ్యాహ్నం బ్రౌలియో భోజనానికి వచ్చాడు. బంగాళాదుంపలూ ఆకుకూరా ఉడికించాను. వచ్చేటప్పుడు రొట్టె తెమ్మన్నాను, తెచ్చాడు. సంచీలోంచి తీస్తే రెండు కొసలూ లేవు.

రొట్టె కేసి చూశాను. బ్రౌలియో కేసి చూశాను.

"బ్రౌలియో, ఆ రోజు బస్సు దగ్గరనుంచి తెచ్చావే, ఆ రొట్టె..."

"ఏ రొట్టె?"

"కొస తుంచావా?"

"రొట్టె అన్నాక కొస తుంచరా?"

"ఎన్ని కొసలు?"

"ఒక్కటే. ... రెండు. దారి చాలా దూరం వదినా. ఆ చిన్న ముక్క అంచు కూడా కొంచెం గీరాను. ఎందుకు, విషం పెట్టి పంపారా?"

ఎంత తిన్నావో చూపించమన్నాను. రెండు వేళ్ళు చూపించాడు. సరిగా చూపించమంటే నాలుగు చూపించాడు. ముఖం మీద కేకలేస్తే అరచెయ్యంత చూపించాడు.

రొట్టెను కొస తుంచకుండా ఇల్లు చేర్చిన మగాడు ఈ దేశంలో ఇంకా పుట్టలేదు. మా నాన్న తుంచేవాడు, లాంబెర్తో తుంచేవాడు. నలభై ఏళ్ళు కొసల్లేని రొట్టెలే తిన్నదాన్ని నేను. బల్ల మీద మొండి రొట్టె పెట్టుకుని కొలిచినప్పుడు నాకే తట్టలేదు.

గుర్రాలు లేవని అప్పుడు చెప్పాను. ఎవరికోసమో చెప్పాను. బ్రౌలియో చెంచా కింద పెట్టాడు.

"ఈ ముప్పై ఒకటీ రేపు పట్టుకుపోదాం. నా లారీ ఖాళీగానే ఉంది."

"ముప్పై ఒకటి పట్టుకుపోతే భిక్షం వేసినట్టుంటుంది."

"అయితే మిగతావి వస్తున్నాయని ఫోన్ చేసి చెప్పు. చెబితే ఆగుతాడు కదా!"

"చెబితే వద్దంటాడు."

"ఒక్కసారి అడిగి చూశావా?"

తినమన్నాను.

సెప్టెంబరు 9

బెనిల్దే మళ్ళీ కొలిచింది. ఈసారి చీపురు కర్ర. కర్ర మీద చాకుతో గాటు పెట్టి, ఇంటికి పోయి, కూతురి చేత టేపుతో కొలిపించింది. ఎనభై నాలుగు.

"చూశాడా?" అని అడిగాను.

"గడప మీదే ఉన్నాడే. 'ఏంటి, మా కొట్టం ఊడుస్తావా?' అన్నాడు. 'సాలెపురుగు ఉంది' అన్నాను. 'ఉండనీ, అదొక్కటే నాకు తోడు' అన్నాడు."

ఎనభై నాలుగులో నాలుగు తీసేస్తే ఎనభై. రంధ్రం మళ్ళీ తొలిచాను.

పొలంలో మాత్రం ఇప్పుడు గడ్డి లేదు. పెద్ద కట్టలు విప్పి మళ్ళీ కడితే పుల్లలే మిగులుతాయి. అయిదో కోత దాకా ఆగాలి. అంటే సాన్ మిగెల్‌కు ఇటో అటో. ఇటే అవుతుంది.

సెప్టెంబరు 13

బ్రౌలియో మీద కోపం ఇంకా పోలేదు. ఒక్క కొస తుంచి ఊరుకుంటే ఈపాటికి గడ్డి అటక మీద ఉండేది.

సెప్టెంబరు 18

ఫోన్ నంబరు తొమ్మిది అంకెలు. ఎనిమిది నొక్కాను.

వెళ్ళేటప్పుడు ఎదురుగానే చెప్పొచ్చు. మనిషి ముందు నిలబడితే మాట వేరు.

సెప్టెంబరు 23

కోశాను.

సెప్టెంబరు 26

గాలి. మూడు రోజులుగా మంచు లేదు. గడ్డి వరుసలు ఎండి గలగలమంటున్నాయి. తడి లేకుండా కడితే ఆకు మిగలదు, పుల్లలు పెట్టి ఆవులను పెంచమని పంపలేను. నాలుగింటికి లేచి, చేత్తో గడ్డి పట్టి చూసి, తిరిగొచ్చి పడుకుంటున్నాను.

సెప్టెంబరు 27

గాలి.

సెప్టెంబరు 28

గాలి. బ్రౌలియో గేటు దగ్గరినుంచే, "రేపే పండగ వదినా" అన్నాడు. తెలుసన్నాను. బేరగాళ్ళు ఎన్నడూ చెప్పిన రోజుకు రారు. మా నాన్న కాలంనుంచీ అంతే, వారం ఆలస్యం.

సెప్టెంబరు 29. సాన్ మిగెల్

గాలి ఆగింది. తెల్లవారుజామున గడ్డి చేతికి మెత్తగా తగిలింది.

బండిని అన్నిటికంటే కింది గేరులో పెట్టాను. నెమ్మదిగా పోతే ఒక్కో దెబ్బకు గడ్డి తక్కువ పడుతుంది, పొర పల్చగా వస్తుంది. పొరలు పల్చనైతేనే పొడవు సరిగ్గా తెగుతుంది. ఎనభైకి అయిదు పొరలు. మొదటి కట్ట పడింది. దిగి వెళ్ళాను. తన్నాను. కదిలింది గాని విడిపోలేదు. టేపు పెట్టాను. డెబ్భై తొమ్మిది.

పొలంలో ఒక్కదాన్నే నిలబడి పైకే నవ్వాను. లాంబెర్తోకు చూపించాలనిపించింది. దీని కిందికి పోవద్దని రాశావు, చూడు పోయాను.

ఎండెక్కేసరికి నలభై ఆరు. రెండే తెగాయి.

సెప్టెంబరు 30

ఇంకో ముప్పై రెండు. మొత్తం డెబ్భై ఎనిమిది. ఆ పాత ముప్పై ఒకటి ఎత్తబోతే విడిపోయాయి. ఒక్కోటి నూట ముప్పై కిలోలు, బల్ల మీద ఒక మనిషి జరపగలడు. నేను జరిపి చూశాను. బ్రౌలియో లారీకెత్తాడు. రేపు పొద్దున బయలుదేరుతున్నాం.

సగం చలికాలానికి వస్తుంది. మిగతా సగం ఆరో కోతలో చూద్దాం.

తొమ్మిదేళ్ళ క్రితం కొన్న నల్ల కోటు తీసి, మళ్ళీ లోపల పెట్టాను. పని బట్టలే మేలు.

అక్టోబరు 1

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండింటికి చర్చి దగ్గర లారీ ఆపాం. సందులోకి నడిచాను. కుక్క మొరగలేదు, వాసన చూసి పక్కకు పోయింది. సాబాస్ కొట్టం గోడకు ఆనుకుని బీటలు వారిన కొడవలి పిడికి తీగ చుడుతున్నాడు. చిక్కిపోయాడు. జుట్టంతా తెల్లగా అయింది. నాదీ అయింది.

"గడ్డి తెచ్చాను," అన్నాను.

"లారీ కనిపిస్తోంది."

"కిటికీలో పట్టేలా కట్టాను."

"ఊఁ."

కొట్టం తలుపు తీసే ఉంది. లోపల కడిగి ఉంది. గాటికి కట్టే గొలుసులు పదకొండూ వరసగా మేకులకు వేలాడుతున్నాయి.

"ఆవులింకా దిగలేదా?"

"దిగాయి. మొన్న పోయాయి."

"మొన్నా?"

"సాన్ మిగెల్ అన్నాను కదా. బేరగాడు పొద్దున్నే వచ్చాడు. సాయంత్రం దాకా ఆపాను. మందు పోశాను, తిండి పెట్టాను. రెండుసార్లు హారన్ కొట్టాడు పాపం."

"దేనికి ఆపావు?"

కొడవలి కింద పెట్టాడు.

"ఒరోసియా, బెనిల్దే నా అటక కిటికీకి ఒకసారి రొట్టె అడ్డం పెట్టింది. ఇంకోసారి చీపురు అడ్డం పెట్టింది. నాకు కళ్ళు లేవనుకున్నారా మీరు? ఈ కిటికీ కొలతతో ఈ లోకంలో ఎవరికి పని? పంపుతున్నావని తెలుసు. ఎప్పుడో తెలియదు. ఈ ఏడో వచ్చే ఏడో తెలియదు."

"ఫోన్ చేసి అడగొచ్చు కదా!"

"నా ఫోన్‌తో నీకు పని లేదన్నావు."

ఇరవై అయిదు రోజులు రొట్టెను తిట్టాను, గాలిని తిట్టాను. ఒక్క ఫోన్ చేసి 'ఒకటో తారీకు దాకా ఆగు' అంటే ఆగేవాడు. వాడు అమ్మ విషయంలో చేసిందే నేను వాడి ఆవుల విషయంలో చేశాను. ఇన్నేళ్ళూ వాడిది మొండితనమనీ నాది పట్టుదల అనీ అనుకున్నాను.

బ్రౌలియో టోపీ చేత్తో పట్టుకుని సందు మొదట్లో నిలబడ్డాడు. "వెనక్కి తీసుకుపోదామా మరి?" అన్నాడు మెల్లగా.

"దించు," అన్నాడు సాబాస్.

"ఆవులు లేవు కదా," అన్నాను.

"తెచ్చావు కదా."

చేతి ట్రాక్టరుకు చిన్న ట్రాలీ తగిలించాడు. రెండేసి కట్టలు. నేనూ బ్రౌలియో బల్ల మీదుగా కిటికీ దాకా తోశాం. లోపలినుంచి సాబాస్ కొక్కెం వేసి లాక్కున్నాడు. మొదటిది రెండు పక్కలా రెండేసి వేళ్ళ సందుతో లోపలికి జారింది. "పట్టింది," అన్నాడు. ముప్పై తొమ్మిది ట్రిప్పులు. మధ్యలో రొట్టె, సాసేజీ, కొంచెం ద్రాక్ష మద్యం. రొట్టె కొసలు రెండూ సాబాస్ తుంచి ఒకటి బ్రౌలియోకిచ్చాడు. బ్రౌలియో నా వైపు చూడకుండా తిన్నాడు.

సాయంత్రానికి అటక నిండింది. కిందంతా ఖాళీ. కొట్టం నిండా లూసర్న్ వాసన.

బయలుదేరేటప్పుడు, "వస్తాను అన్నయ్యా" అన్నాను. తొమ్మిదేళ్ళుగా ఆ మాట నోటికి రాలేదు, కాగితం మీదకూ రాలేదు. వాడు చెయ్యెత్తాడు. దారిలో బ్రౌలియో నూట యాభై కిలోమీటర్లూ రేడియో పెట్టలేదు.

అక్టోబరు 2

లేవలేదు.

అక్టోబరు 4

బోల్టు పాత రంధ్రంలో బిగించబోయాను. బిగించలేదు. ఎనభై దగ్గరే ఉంచాను. పొడుగు కట్టలు కావాలన్న వాళ్ళకు ఈ ఏడు లేవని చెప్పాను.

అక్టోబరు 8

ఫోన్ చేశాను. తొమ్మిది అంకెలూ నొక్కాను. రెండోసారి మోగుతుండగానే ఎత్తాడు.

కుక్క మొరగడం వినిపించింది. వర్షం పడుతోందా అని అడిగాను. పడుతోందట, ఇప్పుడు పడి ఏం లాభమట. తిన్నావా అంటే తిన్నాడట. ఇక పెట్టేస్తాడేమో అనుకున్నాను.

"ఆ గడ్డి ఎన్నాళ్ళుంటుంది?" అని అడిగాడు.

"తడవకపోతే ఏడాది ఉంటుంది."

"అటక కారదు."

"అయితే ఏడాది."

నెలలు పైకే లెక్కపెట్టాడు.

"వసంతంలో కింది సంతకు పెయ్యలు వస్తాయి. రెండో మూడో చూడాలి. నా కళ్ళు మునుపటిలా లేవు, నువ్వు రావాలి. ఏ రోజో నేను ఫోన్ చేసి చెబుతాను."

"చెయ్యి," అన్నాను.